లోపలికి లాగువారెవరు?

మా యింటి మందుల పెట్టెలో బట్టల క్లిప్పును బోలిన చిన్న యంత్రమొకటి యున్నది. దానిని వ్రేలికి తగిలించిన కొన్ని క్షణములకు రెండంకెలు వెలుగును. ఒకటి నాడి, రెండవది రక్తములోని ఆమ్లజని లెక్క. ఆమ్లజని యనునది పాఠ్యపుస్తకముల పేరు. మనమందఱము ఆక్సిజను అందుము, పెద్దలు ప్రాణవాయువందురు. 2021కి ముందు ఇట్టి యంత్రమొకటి కలదనియే నే నెఱుగను. ఆ యేడు మాత్రము కుంకుమభరిణెకంటె దానినే భద్రముగా దాచుకొంటిని. ప్రతి యాదివారము ఉదయము మావారి వ్రేలికి దానిని తగిలించి చూచుట, తులసికోటకు నీరు పోయుటవలె, మా యింట నలవాటైపోయినది.

ఆ యంకె యేమి చెప్పుచున్నదో తెలియక నేనొక పొరపాటు చేసితిని. ఆ పొరపాటును, తరువాత దాని మూలమును తెలిసికొనుటకు నేను పడిన తంటాలను సోదరీమణులకు చెప్పవలెనని చాలనాళ్లుగా అనుకొనుచున్నాను. నేను బడికిపోయి చదివినదానను గాను. మా నాయనగారియొద్ద అమరము, కొంత వ్యాకరణము, భాగవతము, రెండు మూడు ప్రబంధములు చదివితిని. ప్రాణాపానాది పంచవాయువుల పేర్లు నిద్రలో లేపి యడిగినను చెప్పగలను. కాని ముక్కులో దూరిన గాలి తరువాత నేమగునో నన్నెవరును అడుగలేదు, నేనెవరిని అడుగలేదు.

మేము నాచారములో నుందుము. మావారు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. సీసపద్యము చదువుటలో వారికి మంచి పేరు. దీర్ఘమైన పాదమునైనను నడుమ నూపిరి తీయక, ఒక్క గుక్కలో, సభలో వెనుక వరుసవారికి వినబడునట్లు చదువుదురు. చదువుదురని యిప్పుడు వ్రాయరాదేమో, చదువుచుండిరి.

2021 మే నెలలో వారికి జ్వరము తగిలినది. ఆ నెల యెట్టిదో ఎవరికిని వేఱుగ చెప్పనక్కఱలేదు. వారు పక్కగదిలో నొంటరిగా నుండిరి. నేను భోజనము గుమ్మమువద్ద పెట్టి, తలుపు తట్టి, వెనుకకు వచ్చుచుంటిని. ఏడవనాటి యుదయమునకు జ్వరము దిగినది. మంచముపై గోడ కానుకొని వార్తాపత్రిక చదువుచుండిరి. ఆయాసము లేదు, మాటలో తడబాటు లేదు. కాఫీలో చక్కెర చాలలేదని గూడ ననిరి. ఆ మాట విని నాకు ప్రాణము లేచివచ్చినట్లైనది. పొరుగింటి పిన్నిగారు ఉద్యోగవిరమణ చేసిన నర్సు. ఆమె తమ యంత్రమును మా గుమ్మమున నుంచి, పెట్టి చూడుమని కేకవేసి పోయిరి. పెట్టి చూచితిమి. 87.

"ఇది చెడిపోయిన యంత్రము," అని మావారు నవ్విరి. నేను నా వ్రేలికి పెట్టుకొంటిని. 98. "నీ వ్రేలు సన్నము గనుక దానికి కుదిరినది," అనిరి. నేనును నవ్వితిని. ముఖము చూచిన రోగము తెలియునని మనము చిన్ననాటనుండి వినుచున్న మాట. ముఖము తేటగా నున్నది, అంకె చెడుగా నున్నది. నేను ముఖమును నమ్మి, పొయ్యిమీద పప్పు పెట్టుకొంటిని.

మధ్యాహ్నము మూడు గంటలకు పిన్నిగారు వీధిలోనుండియే అంకె యెంత యని యడిగిరి. చెప్పగానే ఆమె ముఖము తెల్లబోయినది. "ఉదయమునుండి ఊరకుంటివా తల్లీ!" అనిరి. ఉదయము ఎనిమిది మొదలు మూడువఱకు ఏడు గంటలు. మరల పెట్టి చూడగా 84. అప్పుడును మావారు పత్రిక చదువుచునే యుండిరి.

ఆ సాయంకాలమంతయు ఆసుపత్రులకు టెలిఫోను చేసితిమి. ఒకచోట పడక లేదనిరి. మఱియొకచోట పడక యున్నది గాని రొక్కము ముందుగా కట్టవలెననిరి. వారు చెప్పిన మొత్తము మావారి యేడాది జీతమునకు మించినది. ఎవరి పేరును వ్రాయను, ఆ దినములలో అందఱును అట్లే యుండిరి. మే 12నుండి లాక్‌డౌను. ఉదయము ఆఱునుండి పదివఱకే వీధిలోనికి పోవుటకు సెలవు. అంతకుముందు ఏప్రిల్ నెలలో ఖాళీ ట్యాంకర్లను బేగంపేటలో సైనిక విమానముల నెక్కించి ఆమ్లజనికై ఒడిశాకు పంపిరని పత్రికలో చదివి, ఇదేమి వింత యనుకొన్నాను. ఆ వింత మా గుమ్మములోనికే వచ్చినది. కడకు మావారితో పనిచేయు సామాన్యశాస్త్రపు మాస్టారు, నాచారము పారిశ్రామికవాడలో ఇనుపపనివారికి సిలిండర్లు నింపి యిచ్చు చోటు తెలిసినవారు, రాత్రి తొమ్మిదింటికి స్కూటరు వెనుక సిలిండరు కట్టుకొని వచ్చిరి. పిన్నిగారు ముసుగులు ధరించి లోనికి వచ్చి గొట్టము ముక్కునకు పెట్టిరి. ఫోనులో ఒక వైద్యుడు దారి చెప్పుచుండెను. మావారిని బోరగిల పరుండబెట్టిరి. అట్లు పరున్న, వెన్నువైపు మూసికొనిపోయిన ఊపిరితిత్తి భాగములు కొంత తెఱచుకొని, గాలియు రక్తమును చక్కగా కలియునట.

సిలిండరు తలవద్ద నీటిసీసాలో బుడగలు గుడగుడ లేచుచుండెను. రాత్రి రెండు గంటలకు అత్తగారు గుమ్మమువద్ద పీట వేసికొని కూర్చుండి ఆ బుడగలను చూచుచు నన్నడిగిరి:

"అమ్మాయీ! గాలి ముక్కుదాక వచ్చుచున్నది, బాగున్నది. అక్కడినుండి లోపలికి లాగువారెవరు? వాడు చూడబోతే అలసిపోయియున్నాడు గదా!"

నేను సమాధానము చెప్పలేకపోతిని. తెల్లవాఱుసరికి అంకె 93కు వచ్చినది. పదునొకండు దినములకు గొట్టము తీసివేసితిమి. మావారు బ్రతికిరి. అత్తగారి ప్రశ్న మాత్రము నాలో నట్లే నిలిచిపోయినది.

రెండేండ్ల తరువాత మా అమ్మాయి తొమ్మిదవ తరగతికి వచ్చినది. దాని జీవశాస్త్రపు పుస్తకములో కణపు పొర గుండ పదార్థములెట్లు రాకపోకలు చేయునో ఒక పాఠము కలదు. అమ్మాయి బిగ్గరగా చదువుచుండగా నేను కూర తరుగుచు విన్నాను. కణమునకు చుట్టును త్వచమనెడి పొర యుండును. అది కొన్నింటిని పోనిచ్చును, కొన్నింటిని పోనీయదు. మంచిది, ఇంటికి గుమ్మమున్నట్లే గదా యనుకొంటిని. మఱి ఆమ్లజనికి గుమ్మమేది, కావలివాడెవడు? అమ్మాయికి తెలియలేదు. పుస్తకములో ఒక్క వాక్యమే యున్నది.

నాచారమునుండి హబ్సిగూడ దూరము గాదు. అక్కడ ఉప్పల్ రోడ్డుమీద కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున్నది. జనులు సీసీఎంబీ యందురు. 1977లో పుష్పమిత్ర భార్గవగారి నాయకత్వమున మొదలై, 1987 నవంబరులో జాతికి అంకితమైనది. మావారు మెట్రోలో పోవునపుడెల్ల ఆ గోడ ప్రక్కగనే పోవుదురు. కరోనా దినములలో రోగుల నమూనాలను పరీక్షించినదియు, ఆ క్రిమి రూపమెట్లు మాఱుచున్నదో చదివినదియు ఆ కేంద్రమే. విద్యార్థులను లోనికి రానిచ్చు ఒక దినమున, మావారి పాఠశాల పిల్లలతో నేనును అమ్మాయియు పోయితిమి. సూక్ష్మదర్శినిలో కణములను చూచితిని. గవాక్షములు లేని ఇండ్ల వరుసవలె నుండెను. అక్కడ పిల్లలకు వివరించుచున్న పరిశోధక విద్యార్థిని నడిగితిని: "అమ్మా, ఇందులో ఆమ్లజనికి ద్వారమేది?" ఆ చిన్నది నవ్వి, "దానికి ద్వారముతో పనిలేదండీ, గోడలోనుండియే పోవును," అన్నది.

ఆ మాట అర్థమగుటకు నాకు ఆఱునెలలు పట్టినది. సామాన్యశాస్త్రపు మాస్టారు ఓపికతో పుస్తకములు తెచ్చియిచ్చి, చదివి చెప్పిరి. నాకు బోధపడినంత చెప్పుదును.

మొదట ఆ గోడ దేనితో కట్టినదో తెలియవలెను. అది కొవ్వుతో చేసిన గోడ. మందము మిల్లీమీటరులో రెండులక్షలవవంతు మాత్రమే. ఇంత సన్నని దానిని కంటితో చూడకుండ ఎట్లు కనుగొనిరని నాకు సందేహము. ఆ కథ మొదలైనది ఒక వంటింటిలో. జర్మనీ దేశమున బ్రౌన్‌ష్వైగు నగరమున ఆగ్నెస్ పోకెల్స్ అను స్త్రీ యుండెను. 1862లో పుట్టినది. ఆ కాలమున అక్కడి విశ్వవిద్యాలయములు స్త్రీలను చేర్చుకొనలేదు. జబ్బుగానున్న తల్లిదండ్రులకు సేవ చేయుచు, ఇంటిపని చూచుకొనుచు, తమ్ముడు పంపిన భౌతికశాస్త్ర గ్రంథములు చదువుకొనెను. అంట్లు తోమిన నీటిమీద జిడ్డు పొర యెట్లు పఱచుకొనునో ఆమె గమనించినది. ఒక రేకుతొట్టిలో నీరు పోసి, పైన అడ్డుగా రేకుబద్ద నుంచి, దానిని జరుపుచు, జిడ్డుపొరను దగ్గఱకు నెట్టిన కొలది నీటిమీది బిగి యెట్లు మాఱునో కొలిచినది. 1891లో ఇంగ్లండునందలి రేలీ ప్రభువునకు ఆ సంగతులు జాబు వ్రాసినది. ఆయన గొప్ప శాస్త్రజ్ఞుడు. ఆ జాబును నేచర్ పత్రికకు పంపి అచ్చువేయించెను. రోజుకు మూడుమాఱులు అంట్లు తోముదానను, నాకెన్నడు ఇట్టి ప్రశ్న తోచలేదే యని కొంచెము సిగ్గుపడితిని.

దీనిలో కొంత మీరును చూడవచ్చును. శుభ్రముగా తోమి కడిగిన పళ్లెములో నీరు పోసి, కర్పూరము పలుకు గోటితో గిల్లి వేయుడు. అది ప్రాణమున్నదానివలె గిరగిర తిరుగును. ఇక నూనె తగిలిన వ్రేలికొనను నీటికి తాకించుడు. కర్పూరము తక్షణమే ఆగిపోవును. కంటికి కనబడని నూనెపొర నీటినంతయు కప్పివేసినదన్నమాట. మా అత్తగారు దీనిని నాలుగుమాఱులు చేయించుకొని చూచిరి.

ఈ తొట్టి పద్ధతినే తరువాతివారు మెఱుగుపఱచిరి. 1925లో హాలెండు దేశమున గోర్టర్, గ్రెండెల్ అను నిద్దఱు రక్తకణముల పొరలలోని కొవ్వును తీసి నీటిమీద పఱచి కొలిచిరి. అది ఆ కణముల పైవైశాల్యమునకు రెండింతలు వచ్చినది. అనగా కణపు గోడ కొవ్వుతో చేసిన రెండుపొరల గోడ. దుప్పటి మడిచినట్లు.

కొవ్వుగోడకు ఒక స్వభావము కలదు. వంటింటి యుపమానమే చెప్పెదను. ఉప్పు నూనెలో వేయుడు. ఎంత కలిపినను అడుగున పడియుండును. పసుపు రంగు మాత్రము నీటిలోకంటె నూనెలో చక్కగా దిగును. కణపు గోడకు ఉప్పును చక్కెరయు పరాయివారు. వానికి ప్రత్యేకముగా ద్వారములుండవలెను. ఆ ద్వారములు మాంసకృత్తులతో చేసినవి. కండలలో చక్కెరద్వారములు తెఱచుటకు ఇన్సులిను వచ్చి తట్టవలెను. ఆమ్లజని పసుపువంటిది. నీటిలోకంటె నూనెలో నాలుగైదు రెట్లెక్కువగా కరుగును. అందుచేత ఆ గోడయే దానికి దారి. కొవ్వులో దిగును, ఆవలివైపు తేలును. ఆ గోడలోనే ఇటుకల నడుమ సున్నమువలె కొలెస్టరాలు గూడ నున్నది. దానిని చెడ్డవస్తువని మాత్రమే మనము విందుము. అది లేక గోడ నిలువదు. ఆ కొలెస్టరాలు త్వచములో నేమి చేయునో సీసీఎంబీలో అమితాభ చట్టోపాధ్యాయగారు బహుకాలము పరిశోధించిరి.

సరే, గోడ అడ్డము కాదు. మఱి లాగువారెవరు?

ఎవరును లేరు. రెండు గదులున్నవనుకొనుడు, నడుమ తలుపులేని దారి. ఒక గదిలో నూఱుగురు పిల్లలు కండ్లకు గంతలు కట్టుకొని యిష్టము వచ్చినట్లు తిరుగుచున్నారు. రెండవ గదిలో నలువదిమంది. ఎవరికిని ఎటు పోవలెనని లేదు. కాని కొంతసేపటికి నూఱుగురున్న గదినుండి దాటిపోయినవారే యెక్కువగా నుందురు. రెండవ గదిలో దూరినవారిని ఎవరైన ఎప్పటికప్పుడు బయటికి పంపివేయుచుండిన, ఆ దాటుట యెన్నటికి నాగదు. ఊపిరితిత్తిలో జరుగునది ఇంతే. గాలిని తిత్తులలోనికి తెచ్చుటవఱకే కండరముల పని. అక్కడ ఆమ్లజని ఒత్తిడి సుమారు నూఱు. శరీరమెల్ల తిరిగి వచ్చిన రక్తములో సుమారు నలువది. ఈ వాలు మీదనే అది దానంతట జాఱిపోవును. శాస్త్రమున దీనికి విసరణమని పేరు. దాటినదానిని ఎఱ్ఱ రక్తకణము మోసికొనిపోవును. ఒక్కొక్క రక్తకణములో ఇరువదియేడు కోట్ల హిమోగ్లోబిన్ బుట్టలు, ఒక్కొక్క బుట్టలో నాలుగేసి చోట్లు. అటు దూరమున దేహకణములలో చిన్న పొయ్యిలవంటివి యుండి ఆమ్లజనిని వాడివేయుచుండును గావున, అక్కడ నెప్పుడును కొఱతయే. అత్తగారి ప్రశ్నకు సమాధానము చెప్పవలసినచో, లాగునది ఎవరి బలమును గాదు, ఆ కొఱతయే.

అయితే విసరణము దగ్గఱ దూరములకే పనికివచ్చును. దూరము పదిరెట్లైన కాలము నూఱురెట్లగును. నిశ్చలముగానున్న గ్లాసు నీటిలో బట్టలకు వాడు నీలిమందు చుక్క నెమ్మదిగా విడిచి చూచితిని. పూర్తిగా కలియుటకు రాత్రి యంతయు చాలలేదు. అందుకే దేహములో ప్రతి కణమునకును వెండ్రుకకంటె సన్నని రక్తనాళము ఇరుగుపొరుగున నుండవలెను. అందుకే ఊపిరితిత్తిలో ముప్పది కోట్లకు పైగా గాలితిత్తులున్నవి; వాని వైశాల్యమును పఱచిన సుమారు 70 చదరపు మీటర్లు, మా యింటి నేలకంటె నెక్కువ. గాలికిని రక్తమునకును నడుమనున్న గోడ మిల్లీమీటరులో రెండువేలవవంతు. రక్తకణము ఆ గోడప్రక్కగ పోవుటకు పట్టు కాలము ముప్పాతిక సెకను. అందులో మూడవవంతులోనే బుట్టలు నిండిపోవును. ఆరోగ్యవంతులకు, సుమా.

అత్తగారి ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదని నాకు తరువాత తెలిసినది. ఐరోపాలో పెద్ద పండితులు దానిమీదనే యేండ్లతరబడి వాదులాడిరి. డెన్మార్కునందలి క్రిస్టియన్ బోర్ మహాశయుడు, ఊపిరితిత్తి ఒక గ్రంథివంటిదనియు, ఆమ్లజనిని తానే పట్టి రక్తములోనికి నెట్టుననియు చెప్పెను. ఆయన శిష్యుడు ఆగస్ట్ క్రోగ్ మొదట గురువుగారి పక్షమే. తరువాత తాను కొలిచిన లెక్కలు గురువుగారి మాటకు సరిపడలేదు. ఆ కొలతలలో సగము పాలు ఆయన భార్య మేరీ క్రోగ్‌ది. ఆమె వైద్యురాలు. దంపతులిద్దఱు 1908లో గ్రీన్‌లాండు మంచుదేశమునకు గూడ పోయి పరిశోధించివచ్చిరి. 1910లో వరుసగా ఏడు వ్యాసములు వెలువడినవి. లాగువాడు లేడు, విసరణమే చాలునని వాని సారము. గురువును కాదనుట యెంత కష్టమో పండితుని యింట పుట్టి, పండితుని యింట మెట్టినదానను, నేనెఱుగుదును. 1920లో క్రోగ్ గారికి నోబెల్ బహుమానము వచ్చినది. అది సూక్ష్మ రక్తనాళములను గుఱించిన వేఱొక పరిశోధనకు. మేరీగారికి మధుమేహముండెను. ఆమ్లజనికి ద్వారపాలకుడక్కఱలేదని నిరూపించిన స్త్రీకే చక్కెరద్వారములు సరిగా తెఱచుకొనని జబ్బు! ఆమె ప్రోద్బలముననే ఆమె భర్త 1922లో టొరంటోకు పోయి ఇన్సులిను తయారుచేయు విద్యను తమ దేశమునకు తెచ్చెను.

మేరీగారిని గుఱించి ఇంకొక సంగతి కలదు. ఊపిరితిత్తి గోడ గుండ ఎంత వాయువు దాటగలదో కొలుచుటకు ఆమె 1915లో ఒక ఉపాయము ప్రకటించినది. బొగ్గుకుంపటినుండి వచ్చు విషవాయువును అత్యల్పముగా గాలిలో కలిపి ఒక్క గుక్క పీల్చి, నిలిపి, విడువవలెను. ఎంత తఱిగినదో దానినిబట్టి గోడ మందము, వైశాల్యము తెలియును. ఆ పరీక్ష నేటికిని ఆసుపత్రులలో చేయుచున్నారు. 2022లో మావారికి చేసిరి. పది సెకనులు ఊపిరి బిగబట్టుమనిరి. మూడవ ప్రయత్నమున గాని వారు బిగబట్టలేకపోయిరి. నూటికి నూఱు రావలసినచోట అఱువదిరెండు వచ్చినది. జబ్బు మానిన చోట గాయపుమచ్చవలె గోడ దళసరియైనదట.

ఇక ఆ యేడు గంటల సంగతి. మావారి ముఖము నన్నేల మోసగించినది?

లోనికి పోవు ఆమ్లజనివలెనే, వెలుపలికి వచ్చు బొగ్గుపులుసు గాలియు ఆ గోడనే దాటవలెను. అది ఆమ్లజనికంటె సుమారు ఇరువది రెట్లు సులభముగా దాటును. గోడకు నీరుపట్టి దళసరియైనపుడు మొదట ఆగిపోవునది ఆమ్లజని. బొగ్గుపులుసు గాలి మాత్రము యథాప్రకారము బయటికి పోవుచునే యుండును. మనకు ఆయాసము తోచునట్లు చేయునది ముఖ్యముగా ఈ రెండవదాని పోగు. ఊపిరి బిగబట్టినప్పుడు కలుగు తహతహ దానివలననే. అది పోగుపడనంతకాలము, ఆమ్లజని తఱుగుచున్నను, దేహము హెచ్చరింపదు. రోగి పత్రిక చదువును. కాఫీలో చక్కెర చాలలేదనును. యంత్రము ముఖమును చూడదు; వ్రేలిలోనికి ఎఱ్ఱని వెలుగును, కంటికి కనబడని మఱియొక వెలుగును పంపి, రక్తపు టెఱుపునుబట్టి లెక్క చెప్పును. ఆ దినములలో వైద్యులు 94కు దిగిన జాగ్రత్తపడుడనియు, 90కి దిగిన నాలస్యము చేయవలదనియు చెప్పుచునే యుండిరి. నేను విన్నాను గూడ. విని, ముఖమును చూచితిని.

గొట్టము పెట్టిన తరువాత జరిగినదియు నిప్పుడు తెలిసినది. దళసరియైన గోడను అప్పటికప్పుడు పలుచన చేయుట ఎవరి తరమును గాదు. చేయగలిగినది ఒక్కటే, గోడ యివతల ఆమ్లజనిని హెచ్చించి వాలును నిలువు చేయుట. మామూలు గాలిలో నూటికి ఇరువదియొకటి పాళ్లు ఆమ్లజని. గొట్టమువలన ఆ పాలు పెరుగును. గంతలు కట్టుకొన్న పిల్లలు నూఱుగురున్న గదిలో రెండువందలమందిని నింపినట్లు. దారి యిఱుకైనను, గుంపు పెరిగిన గొలది దాటువారును పెరుగుదురు.

నా 98ని గుఱించియు చెప్పి తీరవలెను. ఆ యుదయము నా యంకెను చూచియే గదా మేము యంత్రమును శంకించితిమి! తరువాత నాకు తల తిరుగుచుండగా రక్తపరీక్ష చేయించిరి. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర, పండ్రెండుండవలెను. అదెట్లు, నాకు 98 వచ్చినది గదా యని పిన్నిగారి నడిగితిని. యంత్రము బుట్టలలో ఎన్ని నిండినవో చెప్పునుగాని, బుట్టలెన్ని కలవో చెప్పదట. సగము బుట్టలే యున్నను అవి నిండియున్న 98 అనియే చూపును. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదునుండి నలువదితొమ్మిదేండ్లలోపు స్త్రీలు నూటికి ఏబదియేడుగురు రక్తహీనులని తేలినది. మనలో సగముకంటె నెక్కువమంది. ఇనుము మాత్రలు నేను ఆఱునెలలు మ్రింగితిని, నోరంతయు తుప్పువాసన. అత్తగారు మాత్రలతోపాటు ఉసిరికాయ పచ్చడి వేయించిరి. పులుపు ఇనుమును ఒంటికి పట్టించునని పిన్నిగారును ఒప్పుకొనిరి.

కర్పూరము తిరిగి యాగిన దినముననే అత్తగారికి ఈ కథయంతయు చెప్పితిని. లాగువారెవరును లేరు, గోడకు తలుపు లేదు, కొఱతయున్నవైపునకు అదే జాఱిపోవును అంటిని. ఆమె చాలసేపు పలుకలేదు. "అయితే ఆ రాత్రి వాడొక్కడే యుండెనన్నమాట," అనిరి. అట్లు కాదని చెప్పబోతిని. ఏమని చెప్పవలెనో తోచక ఊరకుంటిని.

మొన్నటి యాదివారము అంకె 95. మధ్యాహ్నము ఉప్పల్‌లో బంధువులింటికి పోవలసియుండెను. ఉప్పల్ కూడలిలో 2023లో తెఱచిన ఆకాశవంతెనకు లిఫ్టు కలదు. మావారు ఒప్పుకొనలేదు, మెట్లెక్కెదననిరి. సగమెక్కి ఆగిరి. కమ్మీ పట్టుకొని క్రిందికి వంగి, వరంగల్లు పోవు బస్సులను శ్రద్ధతో చూచుచున్నట్లు నిలుచుండిరి. నేనును ప్రక్కన నిలుచుండి బస్సులనే చూచితిని. మూడు బస్సులు పోయినవి. "పదము," అనిరి.